పది డోసుల వయల్, నాలుగు గంటల గడువు

2021 జనవరి 16న కరోనా టీకాలు మొదలైనప్పుడు అందరి బెంగా ఫ్రిజ్‌ల గురించే. నిజానికి మన దగ్గర గట్టిగా ఉన్నది అదే. 1985 నాటి సార్వత్రిక టీకాల కార్యక్రమం, 1995లో మొదలైన పల్స్ పోలియో కలిసి పీహెచ్‌సీల (ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల) దాకా ఐఎల్ఆర్‌లు (టీకాలు దాచే ప్రత్యేక ఫ్రిజ్‌లు), డీప్ ఫ్రీజర్లు చేర్చాయి. 2015లో వచ్చిన ఈవిన్ అనే టీకా నిల్వల నెట్‌వర్క్‌తో ఎక్కడ ఎన్ని డోసులున్నాయో ఫోన్‌లోనే కనిపించసాగింది. కోవిషీల్డ్, కోవాగ్జిన్ రెండూ 2–8 డిగ్రీల్లో నిల్వ ఉండేవే కాబట్టి పాత ఏర్పాటే సరిపోయింది. మైనస్ 70 డిగ్రీలు కావాల్సిన ఫైజర్ అయితే తిప్పలు తప్పేవి కావు.

అసలు ఇబ్బంది వయల్ (టీకా సీసా) తెరిచాకే. పిల్లలకు వేసే పెంటావాలెంట్ టీకాలో ప్రిజర్వేటివ్ (చెడిపోకుండా ఉంచే పదార్థం) ఉంటుంది, తెరిచినా నాలుగు వారాలు వాడొచ్చు. కోవిషీల్డ్‌లో అది లేదు, వయల్ మూతకు మొదటి సూది గుచ్చిన నాలుగు గంటల్లో అయిపోవాలి. వయల్‌కు పది డోసులు, ఒక్కోటి 0.5 మి.లీ. సాయంత్రం ఇద్దరే మిగిలితే ఏఎన్ఎం (టీకా వేసే ఆరోగ్య కార్యకర్త) కొత్తది తెరవాలా, రేపు రమ్మనాలా? తెరిస్తే ఎనిమిది డోసులు పారబోయాల్సిందే. మొదట్లో కోవిన్ (టీకా నమోదు పోర్టల్) జాబితాలో ఉన్నవాళ్లకే వేయాలి గనక, రానివాళ్ల బదులు ఇంకొకరిని పిలిచే వీలూ లేదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో వృథా 10 శాతం దాటిందని మార్చిలో ప్రధాని ముఖ్యమంత్రుల సమావేశంలోనే అన్నారు. మే మొదటికి కేరళ మాత్రం అందిన 73.38 లక్షల డోసులతో 74.26 లక్షలు వేసింది. ఇందులో మాయేమీ లేదు. ప్రతి వయల్‌లో కాస్త ఎక్కువే నింపుతారు, జాగ్రత్తగా లాగితే పదకొండో డోసు వస్తుంది. రెండు వయళ్లలో మిగిలింది కలిపి మాత్రం వేయకూడదు.

ఎండకన్నా చలితో పాడయ్యేది తక్కువేం కాదు, అది కంటికి కనబడదు కూడా. డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్‌ప్యాక్‌లను ఊపితే లోపల నీళ్ల చప్పుడు వచ్చేదాకా బయటే ఉంచాలి. తొందరపడి నాలుగు ప్యాక్‌లూ టీకాలు మోసుకెళ్లే క్యారియర్‌లో సర్దేస్తే గోడకు ఆనుకున్న వయల్ గడ్డకడుతుంది. అల్యూమినియం కలిసిన కోవాగ్జిన్ ఒకసారి గడ్డకడితే ఇక పనికిరాదు. పోలియో వయల్ మీది వీవీఎం (వేడికి రంగు మారే గుర్తు) వేడిని మాత్రమే చెబుతుంది. అప్పుడు వచ్చిన ఈ కరోనా టీకాల మీద అదీ లేదు.

మే 1 నుంచి రాష్ట్రాలూ సొంతంగా కొనుక్కోవచ్చన్నారు. గ్లోబల్ టెండర్లు పిలిచినా విదేశీ కంపెనీలు కేంద్రంతోనే మాట్లాడతామన్నాయి. చివరికి జూన్ 21 నుంచి దేశంలో తయారయ్యే టీకాల్లో 75 శాతం కేంద్రమే కొని పంచింది. ఎన్ని డోసులు వస్తాయో రాష్ట్రాలకు, అక్కడి నుంచి జిల్లాలకు ముందే చెప్పాలన్న నిబంధన కూడా అప్పుడే పెట్టారు. అది తెలిస్తేనే ఏ ఊళ్లో ఏ రోజు ఎన్ని వయళ్లు తెరవాలో లెక్క వేసుకోగలరు.