నిషేధం ఖాన్‌తో పుట్టలేదు

అంతరిక్ష కథల టీవీ సిరీస్ స్టార్ ట్రెక్‌లో గ్రహాల కూటమి అయిన ఫెడరేషన్ మనుషుల జన్యుమార్పిడిని నిషేధించడం న్యాయమేనా అన్న తగాదా అభిమానుల్లో మళ్లీ రాజుకుంది. నిషేధాన్ని సమర్థించేవారు ఖాన్ నూనియన్ సింగ్ పేరెత్తి, అక్కడితో వాదన ముగిసిందంటారు. జన్యుమార్పిడితో పుట్టిన ఆ నియంత కథ అభిమానులందరికీ తెలిసిందే. చిక్కేమిటంటే, ఖాన్ తొలిసారి కనిపించిన 1967 నాటి ఎపిసోడ్‌లో నిషేధం ఊసే లేదు.

1989లో వచ్చిన మరో ఎపిసోడ్‌లోనూ లేదు. డార్విన్ పరిశోధన కేంద్రంలో జన్యువులు మలిచి పెంచిన పిల్లల రోగనిరోధక శక్తి ఎదుటివారికి ముసలితనం అంటించింది. వారి వల్ల లాంట్రీ అనే నౌక సిబ్బంది అంతా వృద్ధాప్యంతోనే పోయారు. అంత జరిగినా, చట్టం తప్పారని ఆ శాస్త్రవేత్తలను అడిగినవారు లేరు.

మలుపు 1997లో వచ్చింది. ఫెడరేషన్ అంతరిక్ష దళం స్టార్‌ఫ్లీట్‌లో పనిచేసే డాక్టర్ జూలియన్ బషీర్‌ను నమూనాగా పెట్టుకుని, అచ్చం మనిషిలా కనిపించే ఒక హోలోగ్రామ్ వైద్యుడిని తయారుచేస్తుంటారు. బషీర్‌ను చూడవచ్చిన తల్లిదండ్రులు ఆ హోలోగ్రామ్‌నే కొడుకనుకుని, పాత రహస్యం బయటపెట్టబోమని దానికి మాటిస్తారు. గుట్టు అక్కడే రట్టవుతుంది. ఒకటో తరగతిలో తోటిపిల్లలు చదవడం, రాయడం నేర్చుకుంటుంటే, కుక్కకూ పిల్లికీ, చెట్టుకూ ఇంటికీ తేడా పోల్చుకోలేని పిల్లవాడు జూల్స్ (బషీర్ చిన్ననాటి పేరు అదే). ఏడేళ్లు నిండకముందే అతన్ని అడిజియన్ ప్రైమ్ అనే గ్రహానికి తీసుకెళ్లి, మెదడు ఎదుగుదలను పెంచే జన్యుచికిత్స చేయించారు. పదిహేనో ఏట నిజం తెలిసి ఆ పిల్లవాడు జూల్స్ అన్న పేరే వదిలేశాడు.

తీవ్రమైన పుట్టుక లోపాలను సరిచేయడానికి తప్ప జన్యువులను ముట్టుకోకూడదన్న చట్టం ఈ కథతోనే తెరకెక్కింది. ఒక్కో బషీర్ వెనుక ఒక్కో ఖాన్ పొంచి ఉంటాడన్నది స్టార్‌ఫ్లీట్ అడ్మిరల్ వాదన. తల్లి అమ్షా మాట వేరు. బిడ్డ రోజురోజుకూ వెనకబడుతుంటే, కడుపుతో ఉన్నప్పుడు తానేం తప్పు చేసిందోనని కుమిలిపోయిన మనిషి ఆమె. జూల్స్ వెనకబాటు ‘తీవ్రమైన లోపం’ కిందికి ఎందుకు రాదో అడ్మిరల్ చెప్పడు.

ఆయుష్షు విషయంలో ఇంత పట్టింపు లేదు. 1987లో తొలి సిరీస్ నాటి వైద్యుడు మెకాయ్ 137 ఏళ్ల వయసులో తెరమీద నడిచి వచ్చాడు. ఎవరూ ఆరా తీయలేదు!

2023లో వచ్చిన ఎపిసోడ్‌లో, జన్యుమార్పిడిని దాచి స్టార్‌ఫ్లీట్‌లో చేరిన ఇల్లిరియన్ జాతి అధికారి ఊనా చిన్-రైలీపై విచారణ జరుగుతుంది. కథాకాలంలో అది బషీర్‌కు వందేళ్ల ముందుది. ఇల్లిరియన్లు గ్రహాన్ని తమకు తగ్గట్టు మార్చరు, గ్రహానికి తగ్గట్టు తమ జన్యువులను మార్చుకుంటారు. అది వారి ఆచారం. చిన్నప్పుడు కాలు విరిగినా, గుట్టు తెలిసిపోతుందన్న భయంతో ఊనాను వైద్యుడికి చూపించడానికి ఇంట్లోవారు జంకారు. చివరికి కోర్టు ఆమెకు శరణార్థిగా రక్షణ ఇచ్చింది, చట్టం జోలికి మాత్రం పోలేదు. బషీర్ తండ్రి రిచర్డ్ కొడుకు స్టార్‌ఫ్లీట్ ఉద్యోగం నిలబెట్టడానికి న్యూజిలాండ్‌లో రెండేళ్ల జైలుకు ఒప్పుకున్నది ఆ చట్టం కిందే.