ఎర్రబడని కన్ను

ఈశాన్య రుతుపవనాల వానలు మొదలైన కొన్నాళ్లకు చెన్నైలో కళ్లకలక కూడా మొదలవుతుంది. ఇక్కడి తెలుగువాళ్లు సైతం దాన్ని ‘మద్రాస్ ఐ’ అనే అంటారు. పెరంబూరులోనో విల్లివాక్కంలోనో బడికి వెళ్లే పిల్లవాడికి ఒకడికి వచ్చిందంటే, వారం తిరిగేలోగా ఇంటిల్లిపాదీ నల్లకళ్లద్దాలతో కనిపిస్తారు. కళ్లు ఎర్రబడి, పుసులు కట్టి, తెల్లవారేసరికి రెప్పలు అతుక్కుపోయే ఈ జబ్బుకు ఎక్కువగా ఎడినోవైరస్ కారణం. ఇది చూపుల ద్వారా అంటదు. చేతుల ద్వారా, తువ్వాళ్ల ద్వారా, దిండు గలీబుల ద్వారా అంటుతుంది. కాబట్టి నల్లకళ్లద్దాలు పెట్టుకున్నవారికి వెలుతురు బాధ తగ్గుతుందే తప్ప పక్కవారికి దానివల్ల రక్షణ ఏమీ లేదు. వైరస్ మీద యాంటీబయాటిక్ చుక్కలు పనిచేయవు. చాలామందికి ఒకటి రెండు వారాల్లో దానంతట అదే తగ్గిపోతుంది.

ఇంత హడావిడి చేసే ఈ కళ్లకలక చూపు పోగొట్టడం అరుదు. శాశ్వతంగా చూపు తీసే జబ్బుల్లో ముఖ్యమైనవి మాత్రం కన్ను ఎర్రబడకుండా, నొప్పి లేకుండా, ఏళ్ల తరబడి తమ పని తాము చేసుకుపోతాయి. బాధ పెట్టని కంటిని డాక్టరుకు చూపించే అలవాటు మనకు లేకపోవడమే వాటి బలం.

చూపులో కొంత భాగం పోతే తెలియకుండా ఎలా ఉంటుందన్న సందేహం సహజమే. దానికి జవాబు ఎవరికి వారు చూసుకోవచ్చు. రెండు చేతులూ ముందుకు చాచి, బొటనవేళ్లు పక్కపక్కనే నిలబెట్టి, ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ఎడమ బొటనవేలినే తదేకంగా చూస్తూ, కుడి చేతిని మెల్లగా కుడివైపుకు జరపండి. జానెడుకు కాస్త తక్కువ దూరం జరిగాక కుడి బొటనవేలి కొస మాయమవుతుంది. ఇంకొంచెం జరిపితే మళ్లీ కనిపిస్తుంది. దృష్టినాడి కంటిలోంచి బయటికి వెళ్లే చోట కాంతిని గ్రహించే కణాలు ఉండవు కాబట్టి, ప్రతి కంటిలోనూ పుట్టుకతోనే ఈ గుడ్డి మచ్చ ఉంటుంది. విశేషమేమిటంటే, వేలు మాయమైన చోట నల్లటి రంధ్రమేమీ కనిపించదు. వెనకనున్న గోడ రంగునో కిటికీ తెరనో మెదడు అక్కడ పరిచేస్తుంది. పైగా ఒక కంటికి కనిపించనిది రెండో కంటికి కనిపిస్తుంది. జబ్బువల్ల చూపులో కొత్తగా ఏర్పడే ఖాళీలను కూడా మెదడు ఇలాగే పూడ్చిపెట్టి మనకు తెలియనివ్వదు.

మెదడు చేసే ఈ పూడ్పును అన్నిటికంటే ఎక్కువగా వాడుకునే జబ్బు నీటికాసులు, అంటే గ్లాకోమా. నల్లగుడ్డు వెనుక భాగంలో ఒక పలుచటి ద్రవం నిమిషానికి రెండు మూడు మైక్రోలీటర్ల చొప్పున ఊరుతూ, నల్లగుడ్డు అంచున ఉన్న జల్లెడలాంటి కణజాలం గుండా బయటికి పోతూ ఉంటుంది. ఇది కన్నీరు కాదు, కంటి లోపలి నీరు. కుళాయి ఎప్పటిలాగే పారుతున్నా తూము పూడిపోతే తొట్టి నిండినట్టు, బయటికి పోయే దారి బిగుసుకుంటే కంటిలో ఒత్తిడి పెరుగుతుంది. 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం వరకు ఉండే ఒత్తిడిని మామూలుగా లెక్కిస్తారు. ఒత్తిడి ఆ హద్దుల్లోనే ఉన్నా కొందరి దృష్టినాడి దెబ్బతింటుంది కనుక ఒక్క ఒత్తిడి కొలతతో సరిపెట్టకుండా నాడిని కూడా చూడాలి. సుమారు పది పన్నెండు లక్షల పోగులున్న దృష్టినాడిలో ఆ పోగులు కొంచెం కొంచెంగా చచ్చిపోతుంటే, మొదట అంచుల చూపు పోతుంది. నడిమి చూపు చివరిదాకా నిలుస్తుంది కాబట్టి పేపరు చదవగలిగే మనిషి గడప తగిలి పడుతుంటాడు. చెన్నైలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ జరిగిన చెన్నై గ్లాకోమా అధ్యయనంలో, ఈ జబ్బు ఉన్నట్టు తేలిన పదిమందిలో తొమ్మిదిమందికి పైగా తమకు అది ఉందనే తెలియదు.

ఈ జబ్బు చికిత్సలో చెన్నైకి పాత చరిత్రే ఉంది. ఎగ్మూరులోని ప్రభుత్వ కంటి ఆసుపత్రి 1819లో ఏర్పడింది. ప్రపంచంలోని అతి పాత కంటి ఆసుపత్రుల్లో అదొకటి. 20వ శతాబ్దం తొలి దశకాల్లో దాని అధిపతిగా పనిచేసిన రాబర్ట్ హెన్రీ ఎలియట్, తెల్లగుడ్డు అంచున చిన్న గుండ్రటి రంధ్రం తొలిచి లోపలి నీటికి కొత్త దారి ఇచ్చే శస్త్రచికిత్సను ఇక్కడే తీర్చిదిద్దాడు. ఇప్పుడు మెరుగైన పద్ధతులు వచ్చాయి, చాలామందికి చుక్కల మందే సరిపోతుంది. కానీ ఏ చికిత్సయినా ఉన్న చూపును నిలబెడుతుందే తప్ప పోయినదాన్ని తిరిగి తేదు. తల్లిదండ్రులకో తోబుట్టువులకో నీటికాసులు ఉన్నవారు నలభై దాటకముందే పరీక్ష చేయించుకోవాలనడం అందుకే.

కళ్లకలకకూ నీటికాసులకూ ఒకచోట సంబంధం కలుస్తుంది, అది మందులషాపు దగ్గర. చీటీ లేకుండా అడిగి తెచ్చుకునే చుక్కల్లో స్టెరాయిడ్ ఉన్నవి కొన్ని ఉంటాయి. వేసిన రెండు రోజులకే ఎరుపు విరిగిపోతుంది కాబట్టి వాటి మీద గురి కుదురుతుంది, ఆ సీసా ఇంట్లో అందరి కళ్లకూ తిరుగుతుంది. వారాల తరబడి వాడితే సుమారు మూడోవంతు మందిలో ఎంతో కొంత ఒత్తిడి పెరుగుతుంది, కొద్దిమందిలో బాగా పెరుగుతుంది. శుక్లాలూ త్వరగా వస్తాయి. ఎరుపుకు కారణం బూజు అయితే నల్లగుడ్డు మీది పుండు ముదిరిపోతుంది. నందివర్ధనం పూలు చల్లదనానికి మూసిన రెప్పల మీద పెట్టుకునేవారితో నాకు పేచీ లేదు. ఆకు పసర్లు, తేనె, చనుబాలు కంట్లో పిండేవారితో మాత్రం ఉంది.

షుగరు జబ్బు కూడా ఇలా చప్పుడు లేకుండానే కంటిని పట్టుకుంటుంది. చక్కెర ఎక్కువైన రక్తం రెటీనాలోని, అంటే కంటి వెనుక కాంతిని గ్రహించే పొరలోని, సన్నటి నాళాల గోడలను బలహీనపరుస్తుంది. అవి ఉబ్బి ద్రవాన్ని కారుస్తాయి, తర్వాత కొత్తగా మొలిచే పెళుసు నాళాలు చిట్లి రక్తం చిమ్ముతాయి. అప్పటిదాకా చార్టులో చివరి వరుస అక్షరాలు కూడా చదవగలిగినవారు ఉంటారు. చెన్నైలో జరిగిన రెండు పెద్ద అధ్యయనాల్లో, షుగరు ఉన్నవారిలో దాదాపు 18 శాతం మందికి రెటీనా దెబ్బతిన్నట్టు కనిపించింది. షుగరు, బీపీ అదుపులో ఉంచుకోవడంతో పాటు, చూపు బాగున్నా ఏడాదికోసారి రెటీనా పరీక్ష తప్పదు. టైప్-2 అయితే ఆ పరీక్ష జబ్బు తెలిసిన నాడే మొదలుకావాలి.

శుక్లాల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ మొదటిసారి కంటిలో కృత్రిమ కటకం అమర్చినప్పటి నుంచి ఆ చికిత్స ఎంతో దూరం వచ్చింది. శుక్లం బాగా ముదిరాకే ఆపరేషన్ అన్న పాత మాటను మాత్రం పెద్దవాళ్లు వదిలేయాలి. గట్టిపడిన శుక్లాన్ని తీయడమే కష్టం.

పిల్లల సంగతి వేరు. సెల్‌ఫోను నీలికాంతి కళ్లు పాడుచేస్తుందని తల్లిదండ్రులు ప్రత్యేక కళ్లద్దాలు కొంటున్నారు కానీ, దానికి తగిన ఆధారం లేదు. తెరను చూసేటప్పుడు రెప్ప వేయడం తగ్గి కళ్లు పొడిబారడం నిజం. అంతకంటే పెద్ద చిక్కు హ్రస్వదృష్టి, అంటే దూరానివి మసకగా కనిపించడం. సుమారు 24 మిల్లీమీటర్లుండే కనుగుడ్డు ఒక్క మిల్లీమీటరు అదనంగా పొడుగైతే రెండున్నర, మూడు పాయింట్ల అద్దం పడుతుంది. ఇంటి దీపాలు ఇవ్వలేని వెలుతురు ఆరుబయట చెట్టు నీడలో కూడా దొరుకుతుంది. అది ఈ సాగుడును నెమ్మదింపజేస్తుంది. తైవాన్ 2010 నుంచి బడిపిల్లలను రోజుకు 2 గంటలు బయట ఉంచే కార్యక్రమం చేపట్టాక, దశాబ్దాలుగా పెరుగుతున్న చూపు సమస్య తగ్గుముఖం పట్టింది. ట్యూషన్ నుంచి ట్యూషన్‌కు తిరిగే మన పిల్లలకు సాయంత్రం మెరీనా ఇసుకలో ఆట కంటివైద్యమే.

ఆలస్యం చేయకూడనివి కొన్ని ఉన్నాయి. హఠాత్తుగా మెరుపులు, నల్లచుక్కల గుంపు, చూపుకు అడ్డంగా తెర పడినట్టు ఉండటం రెటీనా ఊడుతోందనడానికి గుర్తులు కావచ్చు. తలనొప్పి, వాంతులతో కన్ను ఎర్రబడి, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే అది ఒత్తిడి ఒక్కసారిగా పెరిగే రకం నీటికాసులు కావచ్చు. ఈ రెంటికీ ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. తాంబూలపు సున్నం పిల్లల కంట్లో పడితే మాత్రం ముందు ఆసుపత్రికి కాదు, కుళాయి దగ్గరికి పరుగెత్తాలి. రెప్పలు తెరిచి కనీసం అరగంట మంచినీటితో కడుగుతూ, అంటుకున్న సున్నపు ముక్కలను తుడిచేసి, ఆపైనే బయలుదేరాలి.

నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేటల నుంచి పొద్దున్నే రైలెక్కి ఎగ్మూరుకో, 1978లో ఎస్.ఎస్. బద్రీనాథ్ స్థాపించిన శంకర నేత్రాలయకో వచ్చేవారు ఒక పూటలో పని అయిపోతుందనుకోకూడదు. కనుపాప పెద్దదయ్యే చుక్కలు వేశాక అరగంట కళ్లు మూసుకుని కూర్చోవాలి. ఆ తర్వాత నాలుగైదు గంటలపాటు దగ్గరి అక్షరాలు అలుక్కుపోయినట్టు ఉంటాయి, ఎండ భరించరానిదవుతుంది. అందుకని బండి నడుపుకుంటూ రాకుండా తోడుగా ఒకరిని, పాత అద్దాల చీటీని, ఇంట్లో వాడుతున్న ప్రతి చుక్కమందు సీసానూ వెంట తెచ్చుకోవడం మంచిది.