నత్తల మీద ఉప్పు చల్లే ముందు: అపోహలు - వాస్తవాలు

మృగశిర దాటి నాలుగు వానలు పడ్డాయంటే చాలు, నా ఫోన్‌కు ఫొటోలు మొదలవుతాయి. ప్రహరీ గోడ మీద పిడికెడంత నత్త, మొయినాబాద్ వైపు బంతి మడిలో మొదలంటా కొరికేసిన నారు, మేడ మీద కుండీ కింద నల్లగా మెత్తగా ఏదో. సస్యరక్షణ సలహాలు ఇవ్వడం నా పని. అందరూ అడిగేది ఒకటే: ఏం చల్లాలి? చల్లడం కన్నా ఏరడం ముఖ్యమంటే చాలామందికి నచ్చదు.

అపోహ: ఇవి మన చెరువు నత్తలే, వానకు బయటికొచ్చాయి.

చెరువుల్లో, వరి మళ్ళలో ఉండే గుండ్రటి నత్త వేరు. గోడలెక్కేది ఆఫ్రికా రాక్షస నత్త. కోసుగా పొడుగ్గా ఉండే గుల్ల, దాని మీద గోధుమరంగు చారలు. దీని సొంతగడ్డ తూర్పు ఆఫ్రికా. 1847లో బ్రిటిష్ నత్తల పరిశోధకుడు విలియం బెన్సన్ మారిషస్ నుంచి కలకత్తాకు తెచ్చిన నత్తలను చౌరంఘీలో ఒక తోటలో వదిలారు. అక్కడి నుంచి దేశమంతా నత్తనడకన రాలేదు, మనుషులే మోసుకొచ్చారు. కుండీ మట్టిలో, ఎరువులో, నర్సరీ లోడులో గుడ్లు దాక్కుని ప్రయాణం చేస్తాయి. కడియం నుంచి తెచ్చినా, పక్క వీధిలో కొన్నా, కొత్త మొక్కను కొన్నాళ్ళు విడిగా ఉంచి కుండీ అడుగు చూడండి.

అపోహ: కనిపించింది ఒక్కటేగా, పోనీలే.

వీటిలో ఆడ, మగ వేర్వేరుగా ఉండవు. ప్రతి నత్తకూ రెండు అవయవాలూ ఉంటాయి. ఒకసారి జతకట్టాక వీర్యాన్ని దాచుకుని నెలల తర్వాత కూడా గుడ్లు పెట్టగలదు. విడతకు వంద నుంచి నాలుగు వందల దాకా, సగ్గుబియ్యంలాంటి తెల్లటి గుడ్లు తడి మట్టిలో పెడుతుంది.

1966లో అమెరికాలో ఒక పిల్లవాడు హవాయి నుంచి మూడు నత్తలను మయామికి తెచ్చాడు. వాళ్ళ అమ్మమ్మ వాటిని తోటలో వదిలేసింది. తర్వాత 18,000కు పైగా నత్తలను ఏరాల్సి వచ్చింది. పదేళ్ళ పని, పది లక్షల డాలర్ల ఖర్చు. అయితే అక్కడ నిర్మూలించగలిగారు. "ఇవి ఇక పోవు" అనే మాట కూడా అపోహేనని అందుకే అంటాను.

అపోహ: ఉప్పు చల్లితే సరి.

ఉప్పు తగిలిన నత్త చస్తుంది, నిజమే. వాన పడితే ఆ ఉప్పంతా మట్టిలోకి దిగి మొక్క వేళ్ళను దెబ్బతీస్తుంది. మన బోరు నీళ్ళు చాలా చోట్ల ముందే ఉప్పగా ఉంటాయి, వాటికి ఇది తోడు. ఉప్పు బకెట్‌లో ఉండాలి, మడిలో కాదు. చిక్కటి ఉప్పునీళ్ళ బకెట్ పక్కన పెట్టుకుని, చేతికి తొడుగేసుకుని, చీకటి పడ్డాక టార్చితో ఏరండి. సాయంత్రం తడి గోనె సంచులు, బొప్పాయి ఆకులు, క్యాబేజీ ఆకులు పరిచి ఉంచితే తెల్లారేసరికి కిందికి చేరతాయి. చచ్చినవాటిని సున్నం వేసి గోతిలో పూడ్చండి. ఖాళీ గుల్లల్ని వదిలేస్తే వాన నీళ్ళు నిలిచి దోమలు పెరుగుతాయి. బతికున్నవాటిని చెత్త ఆటోలో వేయడమంటే ఇంకో కాలనీకి పంపడమే.

నత్తలు దాటవని మొక్క చుట్టూ వేసే గుడ్డుపెంకుల కంచె గురించి ఒక్క మాట: గుల్ల కోసం క్యాల్షియం వెతుక్కుంటూ గోడ సున్నం గీకి తినే జీవికి మనమే పెంకులు పెడుతున్నాం.

అపోహ: గుళికల మందు ఎక్కువ వేస్తే ఎక్కువ చస్తాయి.

నత్త పురుగు కాదు. మామూలు పురుగుమందులు చాలావరకు వ్యర్థం. మెటల్డిహైడ్ గుళికలు పనిచేస్తాయి: నత్త విపరీతంగా జిగురు కారుస్తూ ఎండిపోతుంది. వెంటనే వాన పడితే కొన్ని తేరుకుంటాయి కూడా. నాకున్న అసలు భయం కుక్కల గురించి. గుళికల్లోని ఎర వాసనకు అవి తినేస్తాయి, వణుకు, ఫిట్స్ వస్తాయి, దానికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. కుక్కలు తిరిగే ఇంట్లో, అపార్ట్‌మెంట్ ఆవరణలో నేనైతే వద్దనే అంటాను.

అపోహ: గుల్ల లేని నల్లటిది జలగ.

కాదు, అదీ నత్త జాతిదే. రక్తం పీల్చదు, ఆకు తింటుంది.

అపోహ: ముట్టుకుంటే మెదడువాపు వస్తుంది.

సగం నిజం. ఎలుకల ఊపిరితిత్తుల పురుగు పిల్లలు నత్తల్లో ఉండొచ్చు. అవి నోటి ద్వారా లోపలికెళితే మెదడు పొరల వాపు రావచ్చు. తాకి చేతులు కడుక్కోకపోవడం, సరిగా కడగని పచ్చి ఆకుల్లో చిన్న నత్త ఉండిపోవడం ప్రమాదం. చేతులు సబ్బుతో కడగండి, ఆకుకూర ఆకు ఆకుగా కడిగి ఉడికించండి.

అపోహ: ఎండలకు అవే చస్తాయి.

గుల్ల మూతి మూసుకుని నెలల తరబడి నిద్రపోతాయి. ఇటుకల గుట్ట, కంపోస్టు డబ్బా వెనుక, గోడ మొదట్లో ఏప్రిల్‌లోనే వెతకండి, అప్పుడు కదలవు కనుక ఏరడం తేలిక. ప్రహరీ అవతల ఖాళీ ప్లాటుంటే అక్కడ కూడా చూడండి. మీ తోటలో ఎంత ఏరినా, మొదటి వానకు మళ్ళీ అక్కడి నుంచే వస్తాయి.