డొమైన్ ఎవరి పేరు మీద ఉందో చూసుకున్నారా?

పోయిన వారం మళ్లీ అదే ఫోన్. "అన్నా, మా సైటు తెరిస్తే ఏవో యాడ్లు వస్తాండాయి, హ్యాక్ చేసినారంట." ఎవరూ హ్యాక్ చేయలేదు సామీ. డొమైన్, అంటే ఫలానా డాట్ కామ్ అనే మీ సైటు పేరు, దాని గడువు అయిపోయింది, అంతే. కడపలో సైట్లు చేస్తూ నేను విన్న హ్యాకింగ్ కథలు చాలామటుకు ఇట్లాంటివే.

అపోహ: డబ్బులు కట్టేసినాం, ఇంక సైటు మాదే.

వాస్తవం: డొమైన్ అద్దె ఇల్లు లాంటిది. ఏటేటా కట్టాలి, లేదంటే ఒకేసారి పదేళ్ల దాకా కట్టుకోవచ్చు. డొమైన్లు అమ్మే కంపెనీ (రిజిస్ట్రార్) దగ్గర ఎవరి పేరూ ఈమెయిలూ ఉంటే వాళ్లదే లెక్క. సైటు చేసిచ్చిన పిల్లోడు తన అకౌంట్లో డొమైన్ తీసుకుని బెంగళూరులో ఉద్యోగానికి పోయినాడనుకోండి, రెన్యువల్ మెయిళ్లన్నీ అతనికే పోతాయి. మీకు కబురుండదు.

ఎర్రగుంట్ల వైపు బండల వ్యాపారం చేసే ఒక పెద్దాయనకు సరిగ్గా ఇదే జరిగింది. బిల్లు బుక్కుల మీదా లారీల మీదా ఆ సైటు పేరే రాయించుకున్నాడు. గడువు దాటిన నాలుగు నెలలకు నా దగ్గరికొచ్చినాడు. డాట్ కామ్ అయితే గడువు దాటినాక కొన్నాళ్లు మామూలు ధరకే ఇస్తారు, ఆపైన 30 రోజులు జరిమానాతో, ఇంకో 5 రోజులకు ఎవరైనా తీసుకోవచ్చు. అంతకు ముందే వేలం పెట్టే రిజిస్ట్రార్లూ ఉన్నారు. ఆయన పేరును ఎవరో ఎప్పుడో తీసేసుకున్నారు. "నా పేరు నాకే అమ్ముతారంటనా?" అని ఆయన అడుగుతుంటే నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే మొదట్లో నేనూ అందరి డొమైన్లూ నా మెయిల్‌తోనే తీసినా. మోసమేం కాదు, అప్పట్లో చాలామందికి మెయిలే ఉండేది కాదు. తర్వాత ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అప్పజెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

మీదీ అట్లే ఉంటే భయపడద్దండి, గడువులోగా అయితే దారుంది. డిజైనర్‌ను అడిగి అదే రిజిస్ట్రార్‌లో మీ అకౌంట్‌కు మార్పించుకోండి. వేరే కంపెనీకి మార్చాలంటే ఆథ్ కోడ్, అంటే డొమైన్ మార్చుకునే రహస్య కోడ్, అడగండి. హోస్టింగ్ (సైటు ఫైళ్లు పెట్టే చోటు) పాస్‌వర్డ్ ఇచ్చి "అంతా ఇచ్చేసినా" అంటే ఒప్పుకోవద్దు, అది వేరే, డొమైన్ వేరే.

ఇన్‌స్టా ఉంటే సైటెందుకంటారా? ఒకప్పుడు ఇట్లాంటిదే అయిన ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న మూతపడింది. మన ఫొటోగ్రాఫర్లు అందులో పెట్టుకున్న పెళ్లి ఆల్బమ్‌లు ఇప్పుడు యాడున్నాయి?

గూగుల్‌లో ఫస్ట్ ప్లేస్ గ్యారంటీ అన్నోడికి టీ తాగించి పంపించేయండి.

తెలుగు సైట్లో సరిగ్గా రాదనేది ఇంకో అపోహ. డీటీపీ షాపులో అను ఫాంట్లలో (ప్రింటింగ్‌కు వాడే తెలుగు అక్షరాలు) కొట్టించిన మ్యాటర్‌ను అట్లే పేస్ట్ చేస్తే పిచ్చి గీతలే వస్తాయి మరి. ఏ ఫోన్లోనైనా తెలుగు కనబడే యూనికోడ్‌లోకి మార్చి, వత్తులు కింది లైనుకు తగలకుండా లైన్ల మధ్య కొంచెం ఎక్కువ ఎడమిస్తే చాలు. పాంప్లెట్‌ను ఫొటో తీసి పెట్టే పని మాత్రం మానుకోండి, ఫోన్లో అది చీమ తలకాయంత కనబడుతుంది.