ఏ సెక్షన్‌లో వచ్చింది?

మా చెల్లె ఈ జూన్‌లో ఆరో తరగతిలో చేరింది. కూకట్‌పల్లిలో మా ఇంటికి రెండు గల్లీల అవతలే స్కూలు. అడ్మిషన్ అయిపోయింది, యూనిఫామ్ కుట్టించాం, పుస్తకాల సెట్టు స్కూల్లోనే కొన్నాం. ఇంకా ఒక పని మిగిలే ఉందని ఫీజు కార్డు చేతికొచ్చాక తెలిసింది. ట్యూషన్ ఫీజు కింద 'ఫౌండేషన్' (అంటే ఐఐటీ కోచింగ్) అని ఇంకో వరుస ఉంది, దాని పక్కన గడి ఖాళీగా ఉంది. కౌంటర్‌లో అడిగితే, "టెస్ట్ పెడతాం సార్, పాప ఏ సెక్షన్‌లో వస్తే ఆ ఫీజు రాస్తాం" అన్నారు నాన్నతో.

పదకొండేళ్ల పిల్లకు ఈ వడపోత ఏంటని ఇంటికొచ్చాక నేను గట్టిగానే అన్నాను. నాన్న నవ్వి, "నిన్నేమన్నా అడిగి పెట్టిన్రా బిడ్డా?" అన్నాడు. నిజమే, నన్నూ ఎవరూ అడగలేదు. నేను ఇంటర్ చదివిన కాలేజీలో ఆదివారం టెస్ట్ రాస్తే మంగళవారం పొద్దున మెట్ల దగ్గర గోడకు లిస్టు అంటించేవాళ్లు. పేరు, మార్కులు, ర్యాంకు, చివరి గడిలో సెక్షన్. పై సెక్షన్ వాళ్ల ఐడీ కార్డు ట్యాగు ఎరుపు, మాది నీలం. సీనియర్ లెక్చరర్లు ఎర్ర ట్యాగుల క్లాసుకే వెళ్లేవాళ్లు. మాకు ఒక్క ఏడాదిలో ఫిజిక్స్ సార్లు ముగ్గురు మారారు. లంచ్‌లో కూడా ఎవరూ చెప్పకుండానే ఎర్ర ట్యాగులు ఒక వైపు, నీలం ట్యాగులు ఒక వైపు కూర్చునేవాళ్లం. కట్టిన ఫీజు మాత్రం అటూ ఇటూగా ఒకటే. అప్పట్లో నా ఏడుపంతా నా మార్కుల మీదే కానీ ఆ లిస్టు మీద కాదు. లిస్టు అనేది ఎండా వానా లాగా ఎప్పుడూ ఉండేదే అనుకున్నాను. ఇప్పుడు బీఏలో చరిత్ర చదువుతున్నా (ఎంపీసీ చేసి బీఏ ఏంటని నాన్నకు ఇంకా కోపమే) కాబట్టి ఇది ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దామనిపించింది.

హైదరాబాద్‌లో బడి పెట్టినవాళ్లు ముందు తేల్చుకున్న సంగతి ఒకటే: ఇది ఎవరి పిల్లలకు? దాన్ని దాచుకోవాల్సిన అవసరం కూడా అప్పట్లో ఎవరికీ లేదు. బేగంపేటలో ఇవాళ హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ అంటున్నది 1923లో ఏడో నిజాం కాలంలో జాగీర్దార్స్ కాలేజీగా మొదలైంది. జాగీర్దార్లంటే నిజాం దగ్గర భూములు పొందిన దొరలు. బోర్డు మీదే రాసి ఉంది ఎవరి కొడుకులకో. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1951లో బడి పేరు మారింది, మిగతా వాళ్లకూ తలుపులు తెరిచారు. అప్పటి నుంచి జాగీరుందా అని అడిగేవాళ్లు లేరు, ఫీజు కట్టగలరా అన్న ప్రశ్న మిగిలింది.

జాగీర్దార్ల బడి కంటే పదమూడేళ్లు ముందే, 1910లో, ఇసామియా బజార్‌లో ఇంకో బడి మొదలైంది. పెట్టింది భాగ్యరెడ్డి వర్మ. అంటరానివాళ్లన్న ముద్ర వేసి పక్కన పెట్టిన కులాల పిల్లల కోసం, తెలుగులో చదువు చెప్పే బడి అది. ఆ కులాల వాళ్లను 'ఆది హిందువులు' అనాలన్నాడాయన, ఈ నేల మీద మొదటి నుంచీ ఉన్నది మేమే అని. ఆ పిల్లలు వేరే బడుల గడప దాటడమే గగనమైన కాలం. ఒక్కో బస్తీలో ఒక్కోటి చొప్పున ఇరవై ఏళ్లలో ఆ బడులు పాతిక దాకా పెరిగాయి. చివరికి 1930లలో నిజాం ప్రభుత్వమే వాటిని తన చేతికి తీసుకుంది. జాగీర్దార్స్ కాలేజీలో చదివినవాళ్ల జాబితా అడిగితే నగరంలో చాలామంది చెప్పగలరు. ఈ పాతిక బడుల్లో అక్షరాలు దిద్దినవాళ్ల పేర్లు ఎక్కడ దొరుకుతాయో నాకైతే దొరకలేదు. భాగ్యరెడ్డి వర్మ పేరు కూడా నేను ఇంటర్ దాకా ఒక్క క్లాసులో వినలేదు.

కులం ఒక గడప అయితే భాష ఇంకోటి. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీలో సైన్సు నుంచి వైద్యం దాకా ఉర్దూలోనే చెప్పారు. ఇంగ్లీషు తప్ప పై చదువు లేదనుకునే రోజుల్లో అది చిన్న సాహసం కాదు, మెచ్చుకోవాల్సిందే. కానీ సంస్థానంలో ఎక్కువమంది ఇళ్లలో మాట్లాడేది తెలుగు. హైస్కూలు, పై చదువులు ఆ తెలుగులో చదువుకునే వీలు లేదు. 1928లో మాడపాటి హనుమంతరావు, ఆయన మిత్రులు నారాయణగూడలో ఆడపిల్లలకు తెలుగు మీడియం బడి పెట్టారు. హైస్కూలు స్థాయికి వచ్చేసరికి గుర్తింపు సమస్య వచ్చింది, ఇక్కడ తెలుగు మీడియంలో పరీక్ష రాయడానికి వీల్లేదు. చివరికి పుణెలో కార్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధం తెచ్చుకున్నారు. నారాయణగూడలో కూర్చుని తెలుగులో చదివిన పిల్ల చదువును మరాఠీ గడ్డ మీది యూనివర్సిటీ గుర్తించాలి, పక్కనే ఉన్న ఉస్మానియా గుర్తించదు. ఆ బడి ఇప్పటికీ మాడపాటి పేరుతోనే ఉంది. ఆ దారిన బస్సులో వెళ్లేటప్పుడు ఎన్నిసార్లు చూశానో, ఈ సంగతి తెలియక ముందు.

ఇక్కడే నాకు తమాషాగా అనిపించిన విషయం ఒకటుంది. అప్పట్లో ప్రైవేటు బడులను ఖాన్గీ బడులు అనేవాళ్లు. 1920లలో వాటి మీద నిజాం ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది, ముందస్తు అనుమతి లేకుండా బడి నడపకూడదని. ఊళ్లలో పంతుళ్లు నడిపే చిన్న బడులు చాలా మూతపడ్డాయి. ప్రైవేటు బడుల మీద ఆంక్షలు తీసేయాలి, మాతృభాషలో చదువు చెప్పాలి అన్నవి ఆంధ్ర మహాసభ డిమాండ్లలో ముఖ్యమైనవి. అంటే వందేళ్ల కిందట ప్రైవేటు బడి పెట్టుకునే స్వేచ్ఛ కోసం ఇక్కడ ఉద్యమం నడిచింది. ఇవాళ అదే ప్రైవేటు బడి ఫీజుల మీద తల్లిదండ్రులు ఇందిరా పార్కు దగ్గర ధర్నా చేస్తారు. రెండింటిలోనూ అడుగుతున్నది ఒకటే, మా పిల్లలకు చదువు అందాలి అని. అప్పుడు అడ్డం సర్కారు, ఇప్పుడు రసీదు.

స్వాతంత్ర్యం తర్వాతి మాటలు పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే కాబట్టి త్వరగా చెప్తాను. పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ పదేళ్లలో ఉచిత నిర్బంధ విద్య అందేలా చూడాలని రాజ్యాంగం 45వ అధికరణంలో రాసుకున్నాం. ఆ పదేళ్లు 1960తో అయిపోయాయి. 1966లో కొఠారీ కమిషన్ ఇంకో అడుగు ముందుకేసి, కలెక్టర్ కొడుకైనా కూలీ కొడుకైనా ఇంటి దగ్గరి ఒకే బడిలో చదివే ఏర్పాటు ఉండాలంది. ఆ సలహా నివేదికలోనే ఉండిపోయింది.

దాని బదులు వచ్చింది వేరే ఆలోచన, పేద పిల్లల్లో తెలివైనవాళ్లను ఏరి మంచి బడిలో వేయడం. పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకులం తెరిచారు. పల్లె పిల్లలకు ఉచితంగా హాస్టల్, తిండి, మంచి సార్లు. అక్కడి నుంచి ఎందరో పెద్ద ఉద్యోగాలకు వెళ్లారు. దీన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, ఆ రోజుల్లో అంతకు మించి ఎవరు చేశారు? కానీ 'ఎవరి పిల్లలకు' అన్న పాత ప్రశ్నకు జవాబు అక్కడ మారింది. జాగీర్దారు కొడుక్కీ కాదు, అందరికీ కాదు, టెస్ట్ పాసైన పిల్లకి. మెరిట్ అన్న మాట పక్కన కూర్చుంటే వివక్ష అనే మాట నోట రాదు. మెట్ల దగ్గర నేను కిమ్మనకుండా చూసిన లిస్టుకు తాత అదే అని నా అనుమానం.

ఇక చదువు ఎందుకు అన్న దానికి 'ఇంజినీరింగ్ సీటు కోసం' అన్న జవాబు 1980లలో ఎంసెట్‌తో మొదలై రెండు దశాబ్దాల్లో గట్టిపడింది. 1998లో మాదాపూర్‌లో ఐటీ కంపెనీల కోసం సైబర్ టవర్స్ తెరిచారు. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఇంజినీరింగ్ సీటు పేదింటికీ అందింది. అందులో మంచి చాలానే ఉంది, మా బంధువుల్లో ఇద్దరి జీవితం దాంతోనే మారింది. అయితే బడికి ఒక్కటే పని మిగిలింది. ఇంజినీరింగ్ కోసం ఇంటర్, ఇంటర్ కోసం పది, పది కోసం ఎనిమిది, ఇప్పుడు ఐఐటీ ఫౌండేషన్ పేరుతో ఆరు. పీటీ పీరియడ్ స్టడీ అవర్ అయింది. ఇంటర్లో నా సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం. తెలుగింటి పిల్లకు సంస్కృతం ఎందుకంటే మార్కులు పడతాయని. నాకు 98 వచ్చాయి. ఈ రోజు ఎవరైనా సంస్కృతంలో మంచినీళ్లు ఇవ్వమంటే నాకు అర్థం కాదు.

సర్కారు బడి వదిలి ప్రైవేటుకు వెళ్లింది డబ్బున్నవాళ్లే అనుకుంటే పొరపాటు. 2000లో జేమ్స్ టూలీ అనే బ్రిటిష్ ప్రొఫెసర్ పాతబస్తీ గల్లీల్లో తిరిగి, ఆటోడ్రైవర్లు, రోజు కూలీలు ఫీజు కట్టి పిల్లల్ని చదివిస్తున్న చిన్న చిన్న బడులను లెక్కలోకి తెచ్చాడు. పేదలు కూడా ప్రైవేటునే కోరుకుంటున్నారన్నది ఆయన వాదన. నేను పదో తరగతి దాకా చదివింది అలాంటి బడిలోనే. మూడంతస్తుల ఇల్లు, కింద కిరాణా, పైన మేము. నాకు ఆయన వాదన పూర్తిగా ఎక్కదు. అమ్మ నన్ను అక్కడ వేసింది అది మంచి బడి అని కాదు. మా బస్తీ సర్కారు బడిలో ఐదు తరగతులకు ఇద్దరే టీచర్లు, ఇంగ్లీషు మీడియం లేదు. తెలంగాణలో సర్కారు బడులన్నిటా ఇంగ్లీషు మీడియం మొదలైంది 2022లో. అప్పటికే మా బస్తీలో సగం మంది వెళ్లిపోయారు.

ఈ మొత్తం కథలో నాకు బాగా నచ్చింది బడి కాని బడి ఒకటి. 1990లలో నగరం పక్కనే రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ప్రొఫెసర్ శాంతా సిన్హా, ఎం.వి.ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ కార్యకర్తలు జీతాలకున్న పిల్లల్ని, పత్తి చేలల్లో పనిచేసే ఆడపిల్లల్ని బయటికి తెచ్చి బ్రిడ్జి క్యాంపులు నడిపారు. బడికి రాని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నది వాళ్ల మాట. పన్నెండేళ్ల పిల్లను ఒకటో తరగతిలో చిన్నపిల్లల మధ్య కూర్చోబెడితే సిగ్గుతో పారిపోతుంది. అందుకని క్యాంపులో కొన్ని నెలలు చదువు చెప్పి, ఆ వయసు పిల్లలున్న తరగతిలోనే చేర్పించేవాళ్లు. వెనకబడిన పిల్లను వేరే గదిలో పెట్టలేదు, తోటివాళ్ల పక్కకు తీసుకొచ్చి కూర్చోబెట్టారు. మా కాలేజీ చేసింది సరిగ్గా దీనికి తలకిందులు. శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. ఏ వయసు పిల్లను ఆ వయసు తరగతిలోనే చేర్చుకోవాలన్న మాట తర్వాత విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్‌లోకి ఎక్కింది.

ఆ చట్టానికి పునాది వేసిన తీర్పులో అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం పేరే ఉంది. ప్రైవేటు మెడికల్, ఇంజినీరింగ్ కాలేజీల ఫీజుల గొడవ సుప్రీంకోర్టుకెక్కితే, 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో పద్నాలుగేళ్ల దాకా చదువు ప్రాథమిక హక్కు అని కోర్టు చెప్పింది. 2002లో రాజ్యాంగ సవరణ, 2009లో చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. 12వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు బడులు మొదటి తరగతిలో 25 శాతం సీట్లు చుట్టుపక్కల పేద, వెనకబడిన కుటుంబాల పిల్లలకివ్వాలి, ఖర్చు ప్రభుత్వం తిరిగి ఇస్తుంది. 2012లో సుప్రీంకోర్టు కూడా ఇది చెల్లుతుందంది. ఈ 25 శాతం సీట్ల మాట మా దగ్గర 2010 నుంచే అమలై ఉంటే, మా చెల్లె ఒకటో తరగతిలో చేరేనాటికి అమ్మకు కనీసం ఒక అప్లికేషన్ పెట్టే వీలుండేది. తెలంగాణలో చట్టం వచ్చి పదేళ్లు దాటినా ఆ సీట్లు ఇవ్వలేదు. పక్కన ఆంధ్రప్రదేశ్ 2022లో మొదలుపెట్టింది.

ఇక్కడ ప్రభుత్వాలు డబ్బు పెట్టింది గురుకులాల మీద. తెలంగాణ వచ్చాక వందల గురుకులాలు కొత్తగా తెరిచారు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణ 2014లో పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కింది, ఆ ఫొటో చూసి మా బస్తీలో ఎంతమంది అమ్మలు అప్లికేషన్లు పెట్టారో. కానీ అక్కడా ఐదో తరగతికే ఎంట్రన్స్. లోపలికెళ్లాక మళ్లీ ఐఐటీ, నీట్ కోచింగ్ ఇచ్చే సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌కు ఇంకో ఎంట్రన్స్.

విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్‌లో అడ్మిషన్ ఇచ్చేటప్పుడు పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష పెట్టకూడదని ఉంది. అడ్మిషన్ అయ్యాక పిల్లల్ని సెక్షన్లుగా చీల్చే పరీక్ష మాట ఆ సెక్షన్‌లో లేదు. అందుకేనేమో మా చెల్లె ఫీజు కార్డు మీద ముందు అడ్మిషన్ నంబరు పడింది, ఆ తర్వాతే టెస్ట్ తేదీ చెప్పారు.

టెస్ట్ వచ్చే శనివారం. రాత్రి లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాం. దానికి ఒకటో తరగతి నుంచీ పక్కింటి పిల్లే జోడు, ఇద్దరూ ఒకే బెంచీ. ఆ పిల్లకు లెక్కలు రావు.

"అక్కా, దాని సెక్షన్‌లోనే నేను కూడా రావాలంటే ఎన్ని తప్పు రాయాలె?" అనడిగింది.

టెస్ట్ యాభై మార్కులకని మాత్రం చెప్పాను.