రైఫిల్ తూటాకు ఏ మందు? అపోహలు - వాస్తవాలు

తెలుగులో మందు అంటే జ్వరానికి వేసుకునేదీ మందే, శనివారం రాత్రి పుచ్చుకునేదీ మందే, తుపాకీలో దట్టించేదీ మందే. మూడింట్లోనూ డోసు తప్పితే ప్రమాదమే. నేను చెప్పబోయేది మూడోదాని గురించి. టెక్సాస్‌లో పద్నాలుగేళ్లుగా నా రైఫిల్ తూటాలు నేనే రీలోడ్ చేసుకుంటున్నాను. కాల్చిన ఇత్తడి కేస్‌ని శుభ్రం చేసి, కొత్త ప్రైమర్ (దెబ్బ తగలగానే పౌడర్‌ని అంటించే చిన్న బిళ్ల), పౌడర్, బుల్లెట్ (గొట్టంలోంచి బయటికి దూసుకెళ్లే ముక్క) పెట్టడమే రీలోడింగ్. ఇవన్నీ కలిస్తేనే తూటా. అడిగిన మనవాళ్లకి నేర్పిస్తుంటాను కూడా. అందరూ మొదట అడిగేది ఒకటే: "అన్నా, అన్నిటికన్నా మంచి పౌడర్ ఏది?"

ముందు చట్టం సంగతి. అమెరికాలో సొంత వాడకానికి రీలోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, అమ్మాలంటే కావాలి. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు మాత్రం, వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉంటే తప్ప, తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. ఇక ఇండియాలో లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నేరం. ఇది చదివి ఊళ్లో ప్రయోగాలు చేయొద్దు.

అపోహ: త్వరగా కాలే పౌడర్‌కి బలం ఎక్కువ.

వాస్తవం: కొబ్బరి మట్టలు పొయ్యిలో పెడితే భగ్గుమని లేచి చప్పున చల్లారిపోతాయి. తుమ్మ మొద్దు నిదానంగా రాజుకుని గంటసేపు కాలుతుంది. టీ కాచుకోవడానికి మట్టలు చాలు, పెళ్లి వంటకి మొద్దులు కావాలి. పౌడర్ కూడా అంతే. బుల్లెట్ గొట్టంలో ముందుకు జరిగే కొద్దీ దాని వెనక ఖాళీ పెరుగుతుంది. ఆ ఖాళీని నింపుతూ గ్యాస్ వస్తూనే ఉండాలి. పౌడర్ మరీ త్వరగా కాలితే బుల్లెట్ సరిగ్గా కదలకముందే గ్యాస్ అంతా పుట్టేసి ప్రెషర్ ఒక్కసారిగా లేస్తుంది. 308 విన్‌చెస్టర్ అనే రకం తూటాకి గరిష్ఠ పరిమితి 62,000 పీఎస్ఐ (చదరపు అంగుళం మీద పౌండ్లలో ఒత్తిడి), 223 రెమింగ్టన్‌కి 55,000. ఆ గీత దాటకుండా బుల్లెట్‌ని ఎక్కువసేపు నెట్టగలిగే పౌడర్ కావాలి. పిస్టల్ కోసం చేసిన ఫాస్ట్ పౌడర్‌ని పొరపాటున రైఫిల్ కేస్ నిండా పోస్తే తుపాకీయే పేలిపోతుంది.

కాబట్టి బుల్లెట్ బరువు పెరిగినా, గొట్టం రంధ్రంతో పోలిస్తే కేస్ పెద్దదైనా నిదానంగా కాలే పౌడర్ వైపు వెళ్లాలి. 308కి వార్గెట్, ఐఎంఆర్ 4064 లాంటి మధ్యస్థమైన పౌడర్లు నప్పుతాయి (ఐఎంఆర్, హెచ్ అనేవి బ్రాండ్ గుర్తులు). 6.5 క్రీడ్‌మోర్ వాళ్లు ఎక్కువగా హెచ్ 4350 అంటారు. 300 విన్‌చెస్టర్ మాగ్నమ్ లాంటి పెద్ద కేస్‌కి హెచ్ 1000 లాంటి ఇంకా నిదానమైనది. మంచి పౌడర్ ఏదని అడిగితే, ఏ తూటాకి, ఎంత బరువు బుల్లెట్‌కి అని నేను ఎదురు అడిగేది అందుకే.

అపోహ: బర్న్ రేట్ చార్ట్‌లో (పౌడర్లని కాలే వేగం వరుసలో పేర్చిన జాబితాలో) పక్కపక్కనే ఉన్న రెండు పౌడర్లని ఒకదానికి బదులు ఒకటి వాడొచ్చు.

వాస్తవం: ఆ చార్ట్ ఎంసెట్ ర్యాంకుల లిస్టు లాంటిది. పదో ర్యాంకుకీ పదకొండో ర్యాంకుకీ మధ్య తేడా అర మార్కో, పది మార్కులో ర్యాంకు చూసి చెప్పలేం. పైగా తూటా మారితే వరుస కూడా కాస్త అటూ ఇటూ అవుతుంది. చార్ట్ చూసి కొన్ని పేర్లు ఎంచుకోవచ్చు. ఎన్ని గ్రెయిన్లు (గ్రెయిన్ అంటే పౌండులో 7000వ వంతు) వేయాలో మాత్రం పౌడర్ కంపెనీ లేదా బుల్లెట్ కంపెనీ మాన్యువల్లోనే చూడాలి, అదీ అందులో ఇచ్చిన ప్రారంభ మోతాదు నుంచి.

అపోహ: నంబర్ ఒకటే అయితే పౌడర్ ఒకటే.

వాస్తవం: నన్ను ఎక్కువ భయపెట్టే అపోహ ఇదే. హెచ్ 4350, ఐఎంఆర్ 4350, ఆక్యురేట్ 4350... మూడూ వేర్వేరు పౌడర్లు. 4831 ఇంకా ముఖ్యం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 20 మిల్లీమీటర్ల ఫిరంగి తూటాల కోసం చేసిన పౌడర్ గుట్టలుగా మిగిలిపోతే, బ్రూస్ హాడ్జ్‌డన్ దాన్ని కొని మామూలు జనానికి అమ్మాడు. అది హెచ్ 4831. ఆ తర్వాత అదే నంబర్‌తో వచ్చిన ఐఎంఆర్ 4831 దానికన్నా త్వరగా కాలుతుంది. అంటే హెచ్ పేజీలోని గరిష్ఠ మోతాదు ఐఎంఆర్ డబ్బాలోంచి వేస్తే పరిమితి దాటే ప్రమాదం ఉంది. నా దగ్గర నేర్చుకునే ఒక తమ్ముడు సరిగ్గా అదే పని చేయబోయాడు. నంబర్ చూశాడు, ముందున్న అక్షరాలు చూడలేదు.

తమాషా ఏమిటంటే దీనికి తలకిందులు కూడా ఉంది. హెచ్ 110, విన్‌చెస్టర్ 296 పేర్లు వేరు, పౌడర్ ఒకటే. హెచ్ 414, విన్‌చెస్టర్ 760 కూడా అంతే.

అపోహ: కంపెనీ తూటా విప్పి చూస్తే అందులో ఏం వాడారో తెలిసిపోతుంది.

వాస్తవం: తెలియదు. కడ్డీల్లా ఉండేవీ, గుండ్రంగా ఉండేవీ డజన్ల కొద్దీ పౌడర్లు ఒకేలా కనిపిస్తాయి. పైగా ఫ్యాక్టరీలు తరచూ షాపుల్లో దొరకని రకాలు వాడతాయి.

అపోహ: తక్కువ వేస్తే ఎప్పుడూ సేఫే.

వాస్తవం: ఉప్పు తక్కువైతే కలుపుకోవచ్చు, ఇక్కడ అలా కుదరదు. నిదానంగా కాలే పౌడర్‌ని మాన్యువల్ కనీసం కన్నా బాగా తగ్గిస్తే సరిగ్గా అంటుకోకపోవచ్చు, బుల్లెట్ గొట్టం మధ్యలో ఇరుక్కోవచ్చు. అది చూసుకోకుండా ఇంకో తూటా కాలిస్తే పెద్ద ప్రమాదం. హెచ్ 110ని గరిష్ఠం నుంచి 3 శాతానికి మించి తగ్గించొద్దని తయారీదారే చెబుతాడు. అదే హెచ్ 4895 అయితే గరిష్ఠ మోతాదులో 60 శాతం మాత్రమే వేసే దాకా తగ్గించుకోవచ్చని కూడా తనే చెబుతాడు. అందుకే పిల్లలకి తక్కువ తన్నే తూటాలు చేయాలంటే నేను హెచ్ 4895 డబ్బానే తీస్తాను.

అపోహ: ప్రైమర్ చదునుగా అవకపోతే ప్రెషర్ బాగానే ఉన్నట్టు.

వాస్తవం: ప్రెషర్ ఎక్కువైతే ప్రైమర్ నొక్కుకుపోయి చదునవుతుంది, నిజమే. కానీ ప్రైమర్ లోహం ఒక్కో బ్రాండ్‌కి ఒక్కోలా ఉంటుంది. కొన్నిసార్లు ఆ గుర్తు కనిపించేసరికే పరిమితి ఎప్పుడో దాటేసి ఉంటాం. బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ కొనుక్కోండి. వేగం మాన్యువల్ చెప్పినదానికన్నా బాగా ఎక్కువ వస్తుంటే ప్రెషర్ కూడా పెరిగినట్టే.

అపోహ: పౌడర్ కొలత యంత్రంలోంచి సులువుగా జారితే చాలు.

వాస్తవం: గుండ్రటి బాల్ పౌడర్ ఇసుకలా జారుతుంది, ప్రతిసారీ ఒకే కొలత పడుతుంది. కడ్డీ రకాలు కొలత యంత్రంలో కరకరలాడుతూ ఇరుక్కుంటాయి. నాకూ విసుగే. కానీ ఎండ సంగతి ఉందిగా! చలికాలం ఉదయం సరిగ్గా కుదిరిన లోడ్, జులై మధ్యాహ్నం కారులో వేడెక్కాక ప్రెషర్ పెంచేసుకోవచ్చు. వార్గెట్, హెచ్ 4350 లాంటివి ఆస్ట్రేలియాలో తయారవుతాయి, వేడికీ చలికీ పెద్దగా మారకుండా ఉండేలా చేసినవి. కడ్డీ రకాలన్నీ అలాంటివే అనుకోవద్దు, పాత ఐఎంఆర్ రకాలు అంత నిలకడగా ఉండవు.

అపోహ: ఇంట్లో పౌడర్ ఉంటే బాంబు ఉన్నట్టే.

వాస్తవం: సూరేకారం, గంధకం, బొగ్గు కలిపిన నల్ల పౌడర్‌ని అమెరికా చట్టం పేలుడు పదార్థంగా చూస్తుంది. మనం వాడే పొగలేని పౌడర్ ఆరుబయట పేలదు, భగ్గున మండుతుంది. బిగించిన ఇనప పెట్టెలో పెడితే మాత్రం కథ మారిపోతుంది. అందుకే కంపెనీ డబ్బాలోనే ఉంచాలి, అది అంటుకుంటే తేలిగ్గా విచ్చుకునేలా చేసిన డబ్బా. అక్కడి అగ్నిమాపక ప్రమాణం ప్రకారం ఇంట్లో 20 పౌండ్ల దాకా అలాగే ఉంచుకోవచ్చు, అంతకుమించితే మందపాటి చెక్క పెట్టె కావాలి. ఘాటైన యాసిడ్ వాసనో, తుప్పు రంగు దుమ్మో కనిపిస్తే ఆ పౌడర్ చెడిపోయినట్టే, పారేయాలి.

పారేయడమంటే గుర్తొచ్చింది. మొదటి ఏడాది ఒక రాత్రి కొలత యంత్రంలో పౌడర్ వదిలేసి పడుకున్నాను. పొద్దున చూస్తే బల్ల మీద రెండు డబ్బాలు, రెండింట్లోనూ ఒకేలాంటి కడ్డీలు. యంత్రంలో ఉన్నది దేనిదో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. దాదాపు అర పౌండు, అంటే 3500 గ్రెయిన్లు. పెరట్లో గడ్డి మీద పలచగా చల్లేశాను. అప్పట్నుంచి నా బల్ల మీద ఒక్క డబ్బాయే ఉంటుంది. యంత్రానికి మాస్కింగ్ టేప్ అంటించి, పౌడర్ పేరు మార్కర్‌తో పూర్తిగా రాస్తాను.