ముసుగులు తీసే రోజు: ప్రొబేట్ షో వెనక కథ

వాషింగ్టన్‌లోని హోవర్డ్ లాంటి యూనివర్సిటీల్లో తరచూ కనిపించే దృశ్యమిది. అందరివీ ఒకే రకం బట్టలు, ముఖాలకు మాస్కులు. పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక, ఒకరినొకరు ఆనుకుని అడుగులో అడుగేస్తూ వస్తారు. తాము చేరిన విద్యార్థి సంఘం వ్యవస్థాపకుల పేర్లు, దాని చరిత్ర తడుముకోకుండా ఒక్క గొంతుతో అప్పజెబుతారు. తర్వాత ఒక్కొక్కరే మాస్కు తీసి పేరు, లైన్‌లో తమ నంబరు చెబుతుంటే గుంపులోంచి కేకలే కేకలు. మొదట నిలబడేవారు ‘ఏస్’, చివరివారు ‘టెయిల్’. కొత్తవాళ్లను క్యాంపస్‌కు చూపించే ఈ తంతే ప్రొబేట్.

ఇది నల్లజాతి విద్యార్థి సంఘాల్లో పెరిగిన ఆచారం. వాటిలో పాతది ఆల్ఫా ఫై ఆల్ఫా, 1906లో కార్నెల్ యూనివర్సిటీలో పుట్టింది. 1908లో హోవర్డ్ అమ్మాయిలు ఆల్ఫా కప్పా ఆల్ఫా పెట్టుకున్నారు. కమలా హ్యారిస్ చేరింది అందులోనే. 1963 కల్లా ఇలాంటివి తొమ్మిదయ్యాయి.

మొదట్లో చేరిక విషయంలో ఇప్పుడున్నంత దాపరికం లేదు. చేరబోయే ‘ప్లెడ్జి’లు వారాల తరబడి అందరూ చూస్తుండగానే క్యాంపస్‌లో వరుసగా నడిచేవారు. ఎవరు చేరుతున్నారో ఊరందరికీ తెలిసేది. ప్రొబేట్ ఆ పరీక్షాకాలం చివర్లో వచ్చేది. తెర వెనక మాత్రం దెబ్బలు, అవమానాలు. హేజింగ్ అనే ఈ వేధింపు మన ర్యాగింగ్‌కు ఏమీ తీసిపోదు. 1989లో అట్లాంటాలోని మోర్‌హౌస్ కాలేజీలో ఓ విద్యార్థి ప్రాణం పోయింది. మరుసటి ఏడే సంఘాలు కూడబలుక్కుని ప్లెడ్జింగ్ అనే ఆ పరీక్షాకాలాన్ని రద్దు చేశాయి. దాని స్థానంలో దరఖాస్తు, ఇంటర్వ్యూ, కొద్దిపాటి శిక్షణ వచ్చాయి.

దాంతో వరస తిరగబడింది. ఇప్పుడు చేరిక ముందే గుట్టుగా అయిపోతుంది, క్యాంపస్‌కు తెలిసేది ప్రొబేట్ నాడే. మాస్కు తీసే క్షణానికి ఇంత హంగు పట్టింది అందుకేనని నాకనిపిస్తుంది. హేజింగ్ మాత్రం ఆగలేదు, ఎవరి కంటా పడని చోటికి పోయింది.

1998లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో మొదలైన డెల్టా ఎప్సిలాన్ సై లాంటి దక్షిణాసియా సంఘాలూ ఇలాంటి ప్రదర్శనలే పెడుతున్నాయి. కాబట్టి అమెరికాలోని తెలుగు తల్లిదండ్రులకూ ఇది పరాయి సంగతి కాదు. 2024 డిసెంబరులో వచ్చిన స్టాప్ క్యాంపస్ హేజింగ్ చట్టం ప్రకారం, హేజింగ్ చేసినట్టు తేలిన సంఘాల పేర్లు కాలేజీలే బయటపెట్టాలి. పిల్లలు చేరబోయే సంఘం ఆ జాబితాలో ఉందేమో కాలేజీ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు.